అంకెలకూ వ్యాకరణం ఉన్నది

తెలుగు పండితుడికి అంకెలతో ఏమి పని అని మీలో కొందరు నవ్వుకోవచ్చును. నవ్వుకోండి, అభ్యంతరం లేదు. ముప్పై ఏళ్ళ పైచిలుకు సంధులూ సమాసాలూ ఛందస్సూ చెప్పి విశ్రాంతి తీసుకుంటున్న నాబోటివాడు డేటాబేసు గురించి టపా వ్రాయడమంటే అత్తరు అంగడిలో ఆవకాయ జాడీ పెట్టినట్లే ఉంటుంది. అయినా చెప్పవలసిన మాట ఒకటి ఉన్నది. ఏ అంకెను ఏ రకపు గడిలో ఉంచాలనేది లెక్కల ప్రశ్న అని అందరూ అనుకుంటారు. నా దృష్టిలో అది ముందుగా వ్యాకరణ ప్రశ్న. కడదాకా వెళ్ళి చూస్తే ధర్మప్రశ్న కూడా.

సందర్భం చెబుతాను. మా గుంటూరు జిల్లా పల్లెలో చదువుకొని పైకి వచ్చినవారు కొందరు కలిసి, బీదపిల్లల చదువు కోసం ఒక చిన్న నిధి ఏర్పరిచారు. చందాలు పోగుచేయడం, బ్యాంకులో డిపాజిటు వేయడం, వచ్చిన వడ్డీని ఏటేటా యోగ్యులైన పిల్లలకు పంచడం, ఇంతే పని. యోగ్యత తేల్చడానికి ఏడాదికి నాలుగు పరీక్షలు నిధి తరఫున పెడతారు. పదవీ విరమణ తరువాత ఆ చిట్టాలు నా చేతికి వచ్చాయి. మూడు నోటుపుస్తకాలు, ఒక అట్టపెట్టె నిండా రసీదులు, మైక్రోసాఫ్ట్ యాక్సెస్ ఉన్న ఒక పాత కంప్యూటరు, ఇదీ నాకు దక్కిన ఆస్తి.

యాక్సెస్ ఎరుగని మిత్రుల కోసం రెండు మాటలు. ఇందులో సమాచారాన్ని పట్టికలుగా దాచుకుంటాము. పట్టికలో ఒక్కొక్క నిలువు వరుసను ఫీల్డు అంటారు. ఫీల్డు పేరు వ్రాయగానే అది ఏ రకమో చెప్పమని యంత్రం అడుగుతుంది. అక్షరాలా, తేదీయా, సంఖ్యా, సొమ్మా? సంఖ్య అన్నామా, ఎంత పరిమాణపు సంఖ్య అని మళ్ళీ అడుగుతుంది. బైట్, ఇంటీజర్, లాంగ్ ఇంటీజర్, సింగిల్, డబుల్, డెసిమల్ అని ఒక జాబితా చూపిస్తుంది. చాలామంది ఈ జాబితా జోలికి పోకుండా యంత్రం ముందుగా చూపిన లాంగ్ ఇంటీజరునే ఉంచి ముందుకు సాగిపోతారు. నాకు మాత్రం ఆ జాబితా చూడగానే తరగతి గది గుర్తుకు వచ్చింది. నామవాచకమా, సర్వనామమా, విశేషణమా అని పిల్లలను అడిగినవాణ్ణి ఇప్పుడు యంత్రం అడుగుతున్నది.

మన తెలుగు ఈ ప్రశ్నను ఎన్నడో అడిగింది. పుస్తకాలు రెండు అంటాము, పిల్లలు ఇద్దరు అంటాము. ఆవులు మూడు, అన్నదమ్ములు ముగ్గురు. సంఖ్య ఒకటే అయినా లెక్కించేది మనిషినా, తక్కినవాటినా అన్న భేదాన్ని బట్టి మాట రూపమే మారిపోతుంది. మహత్తు, మహతి, అమహత్తు అని చిన్నయసూరి బాలవ్యాకరణంలో చేసిన విభాగం మనకు ఊపిరి పీల్చుకున్నంత సహజం. 'రెండు పిల్లలు వచ్చారు' అంటే ఐదేళ్ళ పసివాడు కూడా తప్పు పడతాడు. అంతేకాదు, మన భాషలో పరిమాణపు హద్దు కూడా ఉన్నది. ఇద్దరు, ముగ్గురు, నలుగురు, ఐదుగురు, ఆరుగురు, ఏడుగురు అని హాయిగా నడుస్తాము. ఎనిమిది రాగానే నేటి వాడుకలో 'గురు' చాలదు, 'మంది' కావాలి. కావ్యాలలో ఎనమండుగురూ పదుగురూ ఉన్నమాట నిజమే కాని అంగట్లో ఆ మాటలు చెల్లవు. అంటే ఏడు దాకా ఒక గడి, ఆపైన మరొక గడి. ఈ సంగతి తెలిసిన తెలుగువాడికి బైటు ఫీల్డు 255తో ఆగిపోతుందంటే ఆశ్చర్యపడవలసిన పని లేదు.

మొదటి ప్రశ్న: అది అసలు సంఖ్యేనా?

మా పాత పట్టికలో ఫోను నంబరు కోసం ఒక ఫీల్డు ఉన్నది. నాకు ముందు ఈ పని చూసిన మిత్రుడొకరు దానిని లాంగ్ ఇంటీజరుగా పెట్టి, నంబరు ఎక్కించబోతే యంత్రం ఒప్పుకోవడం లేదని విసిగి, ఫోను నంబర్లన్నీ నోటుపుస్తకంలోనే వ్రాసి ఉంచారు. యంత్రం ఒప్పుకోకపోవడానికి కారణం ఉన్నది. లాంగ్ ఇంటీజరు నాలుగు బైట్ల గడి. అందులో పట్టే అతి పెద్ద సంఖ్య 2,14,74,83,647. అంటే 214 కోట్ల పైచిలుకు. మన దేశపు మొబైలు నంబరు పది అంకెలది, 6, 7, 8, 9లలో ఒకదానితో మొదలవుతుంది. ఎంత చిన్న నంబరైనా 600 కోట్లకు తక్కువ ఉండదు. మూరెడు గుడ్డలో బారెడు మనిషిని చుట్టబోతే ఏమవుతుంది?

అలాగని ఇంకా పెద్ద గడి వెతుక్కోవడం పరిష్కారం కాదు. డబుల్ అనే గడిలో ఆ పది అంకెలూ పడతాయి. పట్టినా అది తగిన చోటు కాదు. ఫోను నంబర్లు రెండు తీసుకొని కూడితే ఏమి వస్తుంది? ఎవరి ఫోనూ మ్రోగదు. సగటు కడితే ఏమి వస్తుంది? అదీ లేదు. కూడికకు అర్థం లేని అంకెల వరుస సంఖ్య కాదు, అంకెలతో వ్రాసిన పేరు. రామచిలుకలో రాముడు లేనట్లే ఫోను నంబరులో సంఖ్య లేదు. మా పరిభాషలో చెప్పాలంటే అది సంఖ్యావాచకం కాదు, సంజ్ఞావాచకం. సంజ్ఞకు తగిన చోటు అక్షరాల ఫీల్డు.

ఇందులో ముచ్చటే కాదు, నష్టం కూడా ఉన్నది. గుంటూరు ఎస్టీడీ కోడు 0863. దానిని సంఖ్య అని చెప్పి ఎక్కిస్తే యంత్రం 863 అని దాచుకుంటుంది. సంఖ్యగా చూస్తే ముందున్న సున్నకు విలువ లేదు కనుక దాని తప్పేమీ లేదు. బ్యాంకు ఖాతా నంబరు ముందు సున్నలుంటే వాటి గతీ అంతే. సంఖ్యకు ముందు సున్న దండుగ, పేరుకు ముందు సున్న పేరులో భాగం. పన్నెండంకెల ఆధార్, ఆరంకెల పిన్ కోడు ఈ కోవలోవే. పిన్ కోడు లాంగ్ ఇంటీజరులో సునాయాసంగా పడుతుంది. పడుతుంది కదా అని పెట్టకూడదన్నదే నా మాట. గడిలో పట్టడం వేరు, ఆ గడికి తగడం వేరు.

మధ్యే మార్గపువి కొన్ని ఉంటాయి. పాఠశాల అడ్మిషను నంబరు చూడండి. దానిని ఎవరూ కూడరు, కాని వరుసలో పెట్టి చూస్తారు. అక్షరాలుగా దాస్తే యంత్రం నిఘంటువు వరుస పాటించి 1, 10, 100, 2 అని పేరుస్తుంది. అకారాది క్రమం దానికి తెలిసిన న్యాయం. అందుచేత అడ్మిషను నంబరును నేను సంఖ్యగానే ఉంచాను. కూడిక లేకపోయినా ముందు వెనుకలున్నవి సంఖ్యాపంక్తిలో కూర్చోవడానికి అర్హమైనవే.

ఆటోనంబరు సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ప్రతి కొత్త రికార్డుకూ యంత్రమే తానుగా ఇచ్చే నంబరది. దానిని చూసి 'మన నిధిలో ఇంతమంది దాతలున్నారు' అని సభలో ప్రకటించబోయారొక పెద్దమనిషి. ఒక రికార్డు మొదలుపెట్టి మానుకున్నా ఆ నంబరు ఖర్చయిపోతుంది. రికార్డు తుడిచేస్తే దాని నంబరు మరొకరికి రాదు. కనుక అది లెక్క కాదు, గుర్తు మాత్రమే. ఎందరున్నారో తెలియాలంటే లెక్కపెట్టవలసిందే.

రెండవ ప్రశ్న: ఎంత పెరగగలదు?

నిజంగా సంఖ్య అని తేలిన తరువాత దాని పరిమాణం చూడాలి. బైటు ఒకే బైటు ఆక్రమిస్తుంది. 0 నుండి 255 వరకు పడుతుంది. ఋణసంఖ్య పట్టదు. నూటికి వేసే మార్కులకు, తరగతికి, వయస్సుకు అది చాలు. రెండు బైట్ల ఇంటీజరులో 32,767 వరకు పడుతుంది, క్రిందకు ఋణపక్షంలో 32,768 వరకు. ఆరువందల మార్కులకు, గ్రంథాలయంలో పుస్తకాల సంఖ్యకు అది సరిపోతుంది. ఆపైన లాంగ్ ఇంటీజరు.

వెనుకటి పుస్తకాలలో చోటు పొదుపు చేయమని తెగ చెప్పారు. ఆనాడు డిస్కు చోటు బంగారం. ఇప్పుడు నాలుగు వేల రికార్డులలో లాంగ్ ఇంటీజరు బదులు ఇంటీజరు వాడితే మిగిలేది ఎనిమిది వేల బైట్లు. సెల్‌ఫోనులో తీసిన ఒక ఫోటోలో మూల ముక్కకు కూడా అది చాలదు. కనుక చిన్న గడి ఎంచుకోవడానికి పొదుపు కారణం కానక్కరలేదు. హద్దు చెప్పడం కారణం కావచ్చును. మార్కుల గడి బైటు అయితే పొరపాటున 780 అని కొట్టినప్పుడు యంత్రమే అడ్డుపడుతుంది. 178 అని కొడితే మాత్రం ఊరుకుంటుంది. నూరు దాటకూడదని వేరే నిబంధన వ్రాసిపెట్టడం మేలు.

హద్దును తేలికగా తీసుకుంటే ఏమవుతుందో లోకానికి ఒకసారి ఆకాశంలోనే కనబడింది. 1996 జూన్ 4న ఐరోపావారి ఏరియాన్ 5 రాకెట్టు తన తొలి ప్రయాణంలోనే, ఎగిరిన సుమారు 40 సెకన్లలో, తునాతునకలైంది. లోపల ఒక పెద్ద దశాంశ సంఖ్యను పదహారు బిట్ల పూర్ణసంఖ్య గడిలోకి మార్చబోతే అది పట్టలేదు. పదహారు బిట్లంటే రెండు బైట్లు, అంటే మన ఇంటీజరు ఎంతో అంతే, 32,767. ఆ భాగాన్ని అంతకు ముందటి ఏరియాన్ 4 రాకెట్టు నుండి తీసుకున్నారు. పాత రాకెట్టు గమనానికి ఆ గడి చాలింది, కొత్తదాని వేగానికి చాలలేదు. మా నిధికి రాకెట్టు లేదు కాని నీతి ఒకటే. నేడు ఎంత ఉన్నదని కాదు, రేపు ఎంతకు పెరగగలదని అడిగి గడి కట్టాలి. ఎదిగే పిల్లవాడికి చొక్కా కుట్టించే తల్లికి ఈ సంగతి ఎవరూ చెప్పనక్కరలేదు.

మూడవ ప్రశ్న: భిన్నాల గతి ఏమిటి?

ఇక్కడికి వచ్చేసరికి నాకు నిజమైన ఆనందం కలిగింది. సింగిల్, డబుల్ అనేవి దశాంశాలు పట్టే గడులు. నాలుగు బైట్ల సింగిలులో సుమారు ఏడు అంకెలు, ఎనిమిది బైట్ల డబులులో సుమారు పదిహేను అంకెలు నమ్మదగినవిగా నిలుస్తాయి. కాని ఆ గడుల లోపల లెక్క పదితో నడవదు, రెండుతో నడుస్తుంది. అర, పావు, అరపావు, ఇలా సగం సగం చేసుకుంటూ పోయి భిన్నాన్ని కూర్చుకుంటుంది. సగాలతో కూర్చగలిగిన భిన్నమైతే వెంట్రుకవాసి తేడా రాదు. పదవ వంతు అలా కూరదు. ఒకటిని మూడుతో భాగిస్తే మనకు 0.333 అని తెగకుండా సాగినట్లే, పదవ వంతు ఆ యంత్రానికి తెగని భిన్నం. ఎక్కడో ఒకచోట తెంచక తప్పదు. ఆ తెంచినచోటే నలుసంత తేడా మిగులుతుంది. డబుల్ గడిలో 0.1ని పదిసార్లు కూడి చూడండి. కంటికి 1 అనే కనబడుతుంది. ఇది ఒకటికి సమానమా అని అడిగితే కాదంటుంది.

ఇప్పుడు మన పాతకాలపు లెక్క చూడండి. కాలు అంటే నాల్గవ వంతు. వీసం పదహారవ వంతు. కాని అరవై నాల్గవ వంతు. అన్నీ నాలుగు నాలుగుగా విరిచినవే. ఈ చతుర్థాంశ పద్ధతికి తెలుగు లిపిలో ప్రత్యేకమైన అంకె గుర్తులు ఉండేవి. 2008లో వచ్చిన యూనికోడు 5.1లో వాటికి స్థానం కూడా దొరికింది. నాలుగు అంటే రెండు రెళ్ళు కదా! కాబట్టి కరణంగారి వీసమూ కానీ యంత్రపు గడిలో ఇసుమంత చెదరకుండా కూర్చుంటాయి. రూపాయికి పదహారు అణాలున్న కాలంలో అణా అంటే రూపాయిలో వీసమే. అదీ నిక్కచ్చిగా నిలుస్తుంది. 1957 ఏప్రిల్ 1న మన దేశం దశాంశ నాణేలకు మారి రూపాయికి నూరు నయాపైసలైన తరువాత ఆ నిక్కచ్చితనం పోయింది. పైసలలో పాతిక, ఏభై, డెబ్బై ఐదు తప్ప తక్కినవేవీ ఆ గడిలో సరిగ్గా నిలవవు. పదహారణాల తెలుగు అనే మాటకు యంత్రం కూడా సాక్ష్యం పలుకుతుందని నేనెన్నడూ అనుకోలేదు. దశాంశ పద్ధతి వద్దని నేను అనడం లేదు. పిల్లలకు అణాలు, దమ్మిడీల ఎక్కాలు తప్పినందుకు సంతోషమే. పాతవారు సగం, పావు, అరపావు అని కొలవడంలో ఒక తర్కం ఉన్నదని మాత్రం అంటున్నాను.

సొమ్ముకు సింగిల్, డబుల్ ఎందుకు పనికిరావో ఇప్పుడు మీకే తెలిసింది. ఒక్క ఉదాహరణ చాలు. 1,23,456 రూపాయల 78 పైసలను సింగిల్ గడిలో దాస్తే లోపల నిలిచేది 1,23,456.78125. ఆ పరిమాణంలో రూపాయిని 128 భాగాలు చేసి దగ్గరగా ఉన్న భాగాన్ని పట్టుకుంటుందది. అందులో 78 పైసలకు చోటు లేదు. ఒక్క పద్దులో పైసాలో ఎనిమిదోవంతు తేడా ఎవరికీ పట్టదు. వందల పద్దులు కూడేసరికి బ్యాంకు పాసుపుస్తకానికీ మన చిట్టాకూ రెండు మూడు పైసల తేడా వచ్చి కూర్చుంటుంది. నిధి లెక్కలో రెండు పైసల తేడా రెండు పైసలు కాదు. సభలో ఎవరో ఒకరు లేచి 'ఇదేమిటి మాస్టారూ' అని అడిగిన క్షణంలో అది పరువు.

ఇందుకోసమే కరెన్సీ అనే రకం ఉన్నది. అది పేరుకు సొమ్ము గడి, లోపల మాత్రం పూర్ణసంఖ్యే. ప్రతి మొత్తాన్నీ పదివేలతో గుణించి పూర్ణసంఖ్యగా దాచుకుంటుంది. దశాంశ బిందువు తరువాత నాలుగు స్థానాలు ఖాయం. బిందువుకు ముందు పదిహేను అంకెల వరకు చోటు. మా నిధి ఏడు తరాలు పెరిగినా నిండదు. రూపాయలను పైసలుగా మార్చి లెక్కవేసి చివరికి మళ్ళీ రూపాయలు చేసే మన శెట్టిగారి పద్ధతే ఇది. అంతకంటె ఎక్కువ దశాంశ స్థానాలు కావలసినవారికి ఇరవై ఎనిమిది అంకెల డెసిమల్ ఉన్నది. మాకు దానితో పని పడలేదు.

అయితే గడి ఎంత మంచిదైనా పంపకం ధర్మాన్ని అది చెప్పదు. వెయ్యి రూపాయలను ముగ్గురు పిల్లలకు సమంగా పంచాలి. యంత్రం 333.3333 అని దాచుకొని 333.33 అని చూపిస్తుంది. మనం చేతికిచ్చేది 333.33. మూడు కలిపితే ఇచ్చినది 999.99. యంత్రం తన లోపల ఉన్నవాటిని కూడి 999.9999 తెచ్చి, రెండు స్థానాలకు సవరించి 1,000.00 అని చూపిస్తుంది. చిట్టా సరిపోయింది, పెట్టెలో ఒక పైసా మిగిలింది! రెండు స్థానాలు చూపించమనడం చూపుకు సంబంధించినది, దాపుకు కాదు. కాబట్టి పంచినప్పుడే పైసలకు సవరించి దాచాలి. ఆ సవరణలోనూ ఒక చమత్కారం ఉన్నది. యాక్సెసులోని రౌండ్ అనే ప్రక్రియ సరిగ్గా సగం దగ్గర సరిసంఖ్య వైపు మొగ్గుతుంది. 2.5ను 2 చేస్తుంది, 3.5ను 4 చేస్తుంది. ఎప్పుడూ పైకే సవరిస్తే మొత్తం మెల్లగా ఉబ్బుతుందని ఆ ఏర్పాటు. మిగిలిన పైసా ఎవరికన్నది మాత్రం మనుషులు నిర్ణయించాలి. మేము అందరికంటె చిన్న తరగతి పిల్లకు ఇస్తాము.

నాల్గవ ప్రశ్న: ఏమీ లేకపోతే ఏమి వ్రాయాలి?

ఇంతవరకు చెప్పినదంతా ఒక ఎత్తు, ఇది ఒక ఎత్తు. ఈ టపా వ్రాయడానికి అసలు కారణం ఇదే.

కిందటి ఏడు సహాయానికి అర్హుల జాబితా తయారైంది. నాలుగు పరీక్షల సగటు అరవై దాటాలని నియమం. ఎనిమిదవ తరగతి అమ్మాయి ఒకతె సగటు 54 వచ్చి జాబితాకు బయట ఉండిపోయింది. బాగా చదివే పిల్ల. నాకు అనుమానం తోచి కాగితాలు తిరగవేశాను. మొదటి పరీక్షలో 70, రెండవదానిలో 74, నాల్గవదానిలో 72. మూడవ పరీక్షనాడు ఆమెకు అమ్మవారు పోసింది. కాగితం మీద ఆ గడి ఖాళీగా ఉన్నది. పట్టికలో మాత్రం సున్న ఉన్నది. ఆ పట్టిక కట్టినప్పుడు ఫీల్డుకు డిఫాల్టు విలువగా సున్న ఉండిపోయింది. ఎవరూ ఏమీ ఎక్కించకపోతే దానంతట అదే సున్న వచ్చి కూర్చుంటుంది. 216ను మూడుతో భాగిస్తే 72. నాలుగుతో భాగిస్తే 54. ఆ పిల్ల చదువుకూ మా సహాయానికీ మధ్య నిలిచింది ఎవరూ వేయని ఒక సున్న.

సున్న ఒక విలువ. పరీక్షకు వచ్చి, కూర్చొని, వ్రాసి, ఏమీ రాబట్టుకోలేకపోయిన పిల్లవాడికి గురువు వేసే మార్కు అది. ఖాళీ విలువ కాదు. 'ఇక్కడ ఏమున్నదో చెప్పడానికి ఏమీ లేదు' అని ఊరుకోవడం. యాక్సెసులో దానిని నల్ అంటారు. వ్యాకరణంలో చెప్పాలంటే సున్న పలికిన అక్షరం, నల్ పలకని మౌనం. మౌనాన్ని అపశబ్దంగా లెక్కకట్టడం ఏ శాస్త్రమూ ఒప్పదు.

యంత్రానికి ఈ భేదం చక్కగా తెలుసు. సగటు తీసే ప్రక్రియ ఖాళీలను వదిలిపెట్టి ఉన్నవాటితోనే భాగిస్తుంది. నాలుగు మార్కులను కూడిక గుర్తుతో కలిపినప్పుడు అందులో ఒకటి ఖాళీ అయితే మొత్తం కూడా ఖాళీయే వస్తుంది. తెలియనిదానిని తెలిసినదానితో కలిపితే వచ్చేది తెలియనిదే కదా! చిక్కు ఇక్కడే మొదలవుతుంది. మొత్తం ఖాళీగా కనబడితే చూసేవారికి ఇబ్బందిగా ఉంటుంది. అప్పుడు ఎవరో ఒకరు ఖాళీని సున్నగా మార్చే ఎన్‌జడ్ అనే ప్రక్రియను అక్కడ ఇరికిస్తారు. పట్టిక నిండుగా, ముచ్చటగా కనబడుతుంది. ముందు గుమ్మంలో నుండి వెళ్ళగొట్టిన సున్న పెరటి గుమ్మంలో నుండి లోపలికి వస్తుంది.

న్యాయం ఒకవైపే చూడకూడదు. ఖాళీలను వదిలివేస్తే కష్టమైన పరీక్షలు ఎగవేసి, తేలికైన ఒక్కటి వ్రాసి, అందరికంటె పైన నిలిచేవాడూ ఉండవచ్చును. సభలో ఈ మాట ఒకరు లేవదీశారు. సబబైన మాటే. అందుచేత సగటుతోపాటు ఎన్ని పరీక్షలు వ్రాశారన్న లెక్క కూడా చూపుతున్నాము. కనీసం మూడు వ్రాసి ఉండాలని నియమం పెట్టాము. దానికి తోడు మార్కుల ఫీల్డు ప్రక్కన మరొక ఫీల్డు చేర్చాము, రాకపోతే ఎందుకు రాలేదో వ్రాయడానికి. మార్కుల ఫీల్డులో డిఫాల్టు సున్నను తీసివేశాము. యంత్రం చేయగలిగినది అంతే. ఎవరు వచ్చారు, ఎవరు రాలేదు, రానివారిని ఏమనాలి అన్నది మనం నిర్ణయించి దానికి చెప్పాలి.

ఆ కారణాల ఫీల్డు మాకు మరొక సంగతి చెప్పింది. ఫిబ్రవరిలో పెట్టిన నాల్గవ పరీక్షకు రానివారిలో చాలామంది ఎదుట ఒకే మాట ఉన్నది: మిరపకాయ కోతలు. తల్లిదండ్రులతోపాటు కూలికి వెళ్ళినవారు వారు. ఇన్నేళ్ళూ వారందరూ మా పట్టికలో సున్నలుగా ఉన్నారు. చదువు రానివారిగా ఉన్నారు. ఖాళీని ఖాళీగా ఉంచి ఎందుకని అడిగిన ఏడాదే వారు చేలో ఉన్నారని పట్టిక చెప్పింది. ఈ సంవత్సరం ఆ పరీక్షను సంక్రాంతికి ముందుకు జరిపాము. ఆ అమ్మాయికి సహాయం అందింది. ఇప్పుడు తొమ్మిదవ తరగతి చదువుతున్నది.

మీలో చాలామంది కంప్యూటరు విద్యలో ఆరితేరినవారు. ఇంటీజరుకూ డబులుకూ భేదం మీకు నేను చెప్పడం హనుమంతుడి ముందు కుప్పిగంతులే. అయినా పట్టికలు కట్టేది మీరే కనుక ఒక మనవి. ఫీల్డు రకం ఎంచుకొనే చోట ఒక్క నిమిషం ఆగండి. ఇది సంఖ్యా, పేరా? ఎంత పెరుగుతుంది? పంచితే తెగుతుందా? లేకపోతే ఏమని వ్రాస్తాము? ఈ నాలుగూ అడిగితే చాలు. మొదటి మూడు తప్పితే లెక్క తప్పుతుంది, ఎప్పుడో ఒకప్పుడు ఎవరో ఒకరు పట్టుకుంటారు. నాల్గవది తప్పితే లెక్క సరిగ్గానే ఉంటుంది. మనిషి తప్పిపోతాడు. ఆ తప్పిపోయినవాణ్ణి ఏ కూడికా పట్టి ఇవ్వదు.

మీ ఊళ్ళలో, మీ కార్యాలయాలలో ఇటువంటి సున్నలు ఎక్కడైనా కనబడితే వ్యాఖ్యలలో తెలియజేయండి. చదివి నేర్చుకుంటాను.